చెప్పి పోవాలె

నా చిన్నప్పుడు నేను అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. అమ్మ స్నానానికి పోతే తలుపు బయట కూర్చుని, నీళ్ల చప్పుడు ఆగిందంటే చాలు, తలుపు దబదబ బాదేదాన్ని. చిక్కడపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇల్లు గల్లీకి ఆనుకునే ఉండేది. మా గోల గల్లీ మొత్తానికి వినబడేది. మా నాయనమ్మ నాకు జిడ్డుపిల్ల అని పేరు పెట్టింది. పెట్టదా మరి, ఆమె చేసిన పనికే కదా నేనట్ల తయారైంది!

తమ్ముడు పుట్టేటప్పుడు అమ్మకు నొప్పులు మొదలైనయి. దవాఖానకు పోతుంటే చూస్తే నేను ఏడుస్తనని, నాయనమ్మ నన్ను చంకనేసుకుని, బారాత్ పోతున్నది చూద్దాం దా అని గల్లీ చివరికి తీసుకపోయింది. బ్యాండు మేళం, గుర్రం మీద పెండ్లికొడుకు, నేను చప్పట్లు కొట్టుకుంట చూసిన. తిరిగొచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. మంచం కింద చూసిన, బియ్యం డబ్బా వెనక చూసిన, దండెం మీది చీరలు జరిపి చూసిన. కొన్ని రోజులకు అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని తిరిగొచ్చింది గాని నా ధైర్యం తిరిగి రాలేదు. బ్యాండు చప్పుడు వినబడితే చాలు, ఉరికొచ్చి అమ్మ కాళ్లు పట్టుకునేదాన్ని. పెద్దోళ్లకేమో అదంతా నవ్వులాట.

తమ్ముడు నడక నేర్చినంక అమ్మకు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు కొలువు దొరికింది. పెండ్లికి ముందు ఇష్టపడి నేర్చుకున్న పని అది. ఎంత సంబరపడ్డదో, రొట్టెలు చేసుకుంట కూడా పీట మీద వేళ్లు ఆడిస్తుండేది. బడులు తెరిచే రోజే ఆమె కూడా చేరాలె. తమ్ముణ్ని నాయనమ్మ చూసుకుంటది, ఇద్దరినైతే పట్టలేదు. అంటే నేను బడిలో కూర్చుంటేనే అమ్మకు కొలువు. కూర్చోకపోతే లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆ ఎండకాలమే పక్కింటి అక్క వాళ్ల ముందర అర్రలో చిన్నపిల్లల తరగతి పెట్టాలని పని మొదలుపెట్టింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు అయ్యి అప్పుడే వచ్చింది. నవ్విందంటే రెండు గల్లీల అవతలికి వినబడాలె, అసుంటి మనిషి. నేనూ అమ్మా పొద్దున్నే ఆ ఇంట్ల వాలిపోయేటోళ్లం. గోడలకు సున్నం వేసినం. పాత క్యాలెండర్లలో నుంచి ఏనుగులు, నెమళ్లు కత్తిరించి మైదా లై ఉడకబెట్టి అంటించినం. నెమలిని తలకిందులుగ అంటించింది నేనే. అక్క అది తీయలే, నెమలికి ఎండ దెబ్బ తగిలిందిలే అన్నది. చేతి సంచులు తగిలించుకునేటందుకు నా భుజం ఎత్తులో మొలలు కొట్టింది.

ఇగ కిటికీ కాడ పంచాయితీ వచ్చింది. గల్లీ వైపు పెద్ద కిటికీ ఒకటుండె. దానికి కాయితాలు అంటించెయ్యమని వచ్చినోళ్లందరు చెప్పిండ్రు. తల్లి పోతుంటే చూస్తే పిల్లలు గుండెలు పగిలేటట్టు ఏడుస్తరు, కనబడకుంటే ఊరుకుంటరని మా నాయనమ్మ గట్టిగ వాదించింది. అక్క వినలే. పాత మంచం చెక్కలతోని ఒక పొట్టి బల్ల కొట్టించి, తెచ్చి ఆ కిటికీ కిందనే వేసింది. నన్ను ఎక్కించి చూసింది. గడ్డం కిటికీ మీద ఆనింది, గల్లీ మూలమలుపు దాకా కనబడ్డది.

బల్ల వచ్చినప్పటి నుంచి అక్క నాతోని ఒక ఆట మొదలుపెట్టింది. నన్ను బల్ల మీద నిలబెట్టి, దారం తెస్త, పోయొస్త అని చెప్పి మూల మీది దుకాణానికి పోయేది. ఎటు పోతున్నదో చెప్పేది, ఎప్పుడొస్తదో చెప్పేది. ఎన్నడన్నా నేను అటు తిరిగినప్పుడు జారుకున్నదా, లేదు. అమ్మ పక్కనే ఉన్నది గనక నాకు భయం లేకుండె. అక్క చెప్పినట్టే వస్తుంటే ఏదో నేనే పిలిపించినంత గొప్ప అనిపించేది.

ఒకరోజు అక్క, మీ నాయనమ్మ దీపం పెట్టేలోపల వస్త అని నాకు చెప్పి రంగు కాయితాల కోసం నారాయణగూడ పోయింది. ఆమె పోయినంక మబ్బులు కమ్మి, గాలి లేచి, దంచి వాన కొట్టింది. పొద్దుగూకకముందే ఇల్లంత చీకటి. నాయనమ్మ దీపం కుందిలో నూనె పోస్తుంటే పోయి ఆమె చెయ్యి పట్టుకున్న. పెట్టకు నాయనమ్మా, అక్క ఇంకా రాలేదు అని ఏడ్చిన. అక్క వాళ్ల వెనకింట్లనే ఉన్నది పో అన్నది ఆమె. ఉరికి పోయి చూస్తే ఎవరున్నరు, వాన తప్ప! సరిగ్గ అప్పుడు అక్క తల నుంచి పాదాల దాకా తడిసి, చెప్పులు చేత పట్టుకుని గల్లీలకొచ్చింది. కాయితాల కట్ట లేదు. వాన తగ్గేదాకా ఆగమని దుకాణమాయన అంటే కట్ట అక్కడనే వదిలేసి వచ్చిందట. పిల్లతోని అన్న మాటకు వానలో ఉరుకుతవా, పిచ్చిదానా అని నాయనమ్మ తిట్టింది. అక్క జుట్టు పిండుకుంట, కాయితాలు రేపు తెచ్చుకోవచ్చు పెద్దమ్మా, మాట రేపు తెచ్చుకోలేం కదా అన్నది. నాయనమ్మ లోపలికి పోయి దీపం పెట్టింది.

అక్క బడి తెరిచిన నాడు అమ్మ కొత్త చీర కట్టుకుని నన్ను తీసుకుని వచ్చింది. నాయనమ్మ అలవాటుగ అమ్మకు కన్ను గీటి, అదిగో కోతి అని నాకు గోడ చూపెట్టబోయింది. అక్క అడ్డమొచ్చింది. "వదినా, చెప్పి పో."

అమ్మ నా ముందు గొంతుక్కూర్చుంది. నువ్వు అన్నం తిని, పండుకుని లేచి, పాలు తాగినంక వస్త బిడ్డా, ఆఫీసుకు పోయొస్త అన్నది. ఏడ్వలేదని చెప్తే కండ్లు పోతయి. ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చిన. అమ్మ గడప దాటి మళ్లీ వెనక్కొచ్చింది. నాకీ కొలువొద్దు, ఏమొద్దు అని ఆమె కూడా ఏడ్చింది. అక్క ఆమె భుజం పట్టి మెల్లగ బయటికి తిప్పింది.

"ఏడ్వనీ వదినా. కనబడేటట్టు పో, చెప్పినప్పుడు రా. మిగిలింది నేను చూసుకుంట."

నేను బల్ల ఎక్కిన. అమ్మ నాలుగడుగులేసి వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ నాలుగడుగులేసింది. మలుపు కాడ చెయ్యి ఊపింది. గొంతు పోయేదాకా ఏడ్చిన గాని, బల్ల దిగి ఉరకలే. మంచం కింద వెతకాలని అనిపించలే. ఎటు పోయిందో చూసిన, ఎప్పుడొస్తదో విన్న. పాలు తాగి మూతి తుడుచుకుంటుంటే అమ్మ వచ్చింది. చెమటతోని, నవ్వుకుంట. అదే ఆఫీసులో పింఛను వచ్చేదాకా పనిచేసింది మా అమ్మ. ఆమె బతుకుల ఆ సంతోషం అక్క పెట్టిన భిక్షే.

ఇప్పుడు నేను అశోక్ నగర్‌లో ఉంటున్న. పై అర్రలు సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు కిరాయికిచ్చిన. మొన్న ఊరి నుంచి ఒకాయన బిడ్డను దించిపోయేటందుకు వచ్చిండు. పిల్ల పైన సామాను సర్దుకుంటుంటే ఈయన చప్పుడు కాకుంట మెట్లు దిగుతున్నడు, కండ్ల నిండ నీళ్లు. చెప్తే ఏడుస్తదమ్మా అన్నడు. నేను గేటుకు అడ్డం నిలబడ్డ. ఏడ్వనీ తమ్మీ, చెప్పి పో అన్న. మళ్లీ పైకి పోయిండు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఏడ్చిండ్రు, తనివితీర. ఆయన ఆటో మలుపు తిరిగేదాకా ఆ పిల్ల పైన నిలబడి చూసి, మొఖం కడుక్కుని కిందికొచ్చింది.

"అమ్మమ్మా, మా నాయిన వచ్చే ఆదివారం వస్తడట."

"వస్తడు బిడ్డా," అన్న. పక్కింటి అక్క నాకిచ్చిన ధైర్యం ఇంత వయసొచ్చినా ఇంకా ఉన్నది నా దగ్గర, ఇంకొకరికి పెట్టేటంత ఉన్నది.