భుజాల కింద మడత గుడ్డ

మా పెద్ద సిస్టరమ్మ పోయిందని మొన్న బుధవారం పొద్దున వార్డు ఆయా వచ్చి చెప్పింది. నేను అప్పుడే కాన్పుల గదిలో డ్యూటీ ఎక్కి, పసిపిల్లలకు ఊపిరి ఇచ్చే రబ్బరు సంచిని చూసుకుంటున్నాను. దాని మాస్కును అరచేతికి ఆనించి నొక్కి, పక్కల నుంచి గాలి పోతోందేమో చూడటం ఆమె నేర్పిన అలవాటే. "అట్లనా" అన్నాను. మళ్లీ నొక్కి చూశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావట్లేదు.

ఈ ఊళ్లో మీ పిల్లలెవరైనా మా దవాఖానలో పుట్టి ఉంటే, వాళ్ల మొదటి ఏడుపు ఆమె వినే ఉంటుంది. పొట్టి మనిషి. చాయ్ సాసర్లో పోసుకుని నిలబడే తాగేది. కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారని ఆమె గొడవ. మా నర్సు ట్రైనింగ్ రోజుల్లో, డెబ్బైల చివర, మధ్యాహ్నాలు మా చెంపలకే మాస్కు ఆనించి పట్టు నేర్పేది. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, మిగతా వేళ్లు దవడ ఎముక మీద. "సంచిని చూస్తె ఏమొస్తది? రొమ్ము చూడు, లేస్తాందా లేదా" అని రోజుకు పదిసార్లు అనేది. మాకు నవ్వొచ్చేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పరకాల వైపు నుంచి వచ్చిన ఒకామెకు పాప పుట్టింది. ఏడవలేదు. ఒళ్లు నీలంగా, మెత్తగా వేలాడుతోంది. తుడిచాను, మాస్కు పెట్టాను, సంచి నొక్కాను. రొమ్ము లేవలేదు. మాస్కును ఇంకా గట్టిగా ఒత్తాను. లేవలేదు. "సిస్టరమ్మా!" అని అరిచాను.

వస్తూనే ఆమెకు తెలిసిపోయింది. ఇళ్లల్లో పసిపిల్లలకు ఆవాల దిండు పెట్టినట్టు, నేను ముందే గుడ్డ మడిచి పాప తల కింద పెట్టేశాను. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరి దారి మూసుకుపోయింది.

"పండవెడ్తున్నవా బిడ్డా? తల కింద గాదు, భుజాల కింద." గుడ్డను కిందికి జరిపింది. సంచి మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. "ఒత్తకు. దవడను జర పైకి తీస్కరా. నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు."

రొమ్ము లేచింది. కాసేపటికి పాప ఎర్రబడి, సన్నగా ఏడ్చింది.

బయట పాప అమ్మమ్మ నిలబడి ఉంది. "ఎవలు బతికిచ్చిన్రమ్మా నా మనుమరాలిని?" అంది.

"గీ పిల్లనే" అని సిస్టరమ్మ నా వీపు తట్టింది. ముసలమ్మ నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. నా తప్పు సిస్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఏళ్ల తర్వాత ఒకసారి "ఆ రోజు మీరు రాకపోతే" అని మొదలుపెడితే, "జర ఆ ట్రే అందుకో" అంది. ఇక ఆ మాట ఆమెతో అనడం కుదరదు గనక మీతో అంటున్నాను.

మొన్న బుధవారం సాయంత్రం కాజీపేటలో సిస్టరమ్మ ఇంటికి వెళ్లాను. చాప మీద పడుకోబెట్టారు. తల కింద పాత చీర మడిచి ఎత్తుగా పెట్టారు. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. నా చెయ్యి దానంతటదే పోయి ఆ మడతను భుజాల కిందికి లాగింది.

"ఏం జేస్తున్నవక్కా?" అని ఆమె కోడలు అడిగింది.

నేను సిస్టరమ్మ రొమ్ము వైపే చూస్తున్నాను.