కాబోయే బావగారిని పడగొట్టిన రోజు

ఊళ్ళో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లో మోగడం మొదలైన ఆ రోజుల్లో, మా యానాంలో రగ్బీ అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు తెలిసిందీ అంతంతమాత్రమే. కబడ్డీ ఆడుకునేవాణ్ణి పుదుచ్చేరిలో శిక్షణకి పంపితే, కొన్నాళ్ళు సాంబారు తిని, కోడిగుడ్డులాంటి బంతొకటి చంకలో పెట్టుకుని కోచ్‌నై తిరిగొచ్చాను. సెవెన్స్ రగ్బీకీ ఏడుగురే, కబడ్డీకీ ఏడుగురే కాబట్టి మా పాత కబడ్డీ జట్టునే దించేశాను. (ఇప్పుడు సభల్లో నన్ను దూరదృష్టి గల కోచ్ అంటుంటే తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.) కాకినాడ జట్టు మీద గెలిస్తే ఉద్యోగం ఉంటుందనీ, లేకపోతే మా నాన్న సైకిల్ షాపుకి వెళ్ళిపోవచ్చనీ నన్ను శిక్షణకి పంపిన ఆఫీసరు గారు మర్యాదగానే చెప్పారు.

నా ధైర్యమంతా మా ఊళ్ళోనే ఫరంపేటలో ఉండే ఒక కుర్రాడి మీద. వాణ్ణి దాటి ఎవడూ పోలేడని అందరూ గేటు అని పిలిచేవారు. ఆట మొదలవగానే కాకినాడ జట్టులో ఒక పొడుగాటి ఆయన బంతి పట్టుకుని నేరుగా గేటు మీదికే వచ్చాడు. మావాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆయన మా గీత దాటి, బంతిని నేలకి ఆనించి పాయింట్లు పట్టుకుపోయాడు. రెండోసారి ఇంకా ఘోరం. వచ్చిన చుట్టాన్ని వీధి చివరిదాకా సాగనంపినట్టు మావాడు ఆయన పక్కనే పరుగెత్తాడు.

విరామంలో వాణ్ణి నిలదీశాను.

"ఆయన మా బావగారండి. అంటే, కాబోయే. మొన్ననే అక్కని చూసుకెళ్ళారు. ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదండి. ఇప్పుడు నడుం పట్టుకుని పడేస్తే ఏం బాగుంటదండి మాస్టారూ?"

"మరి నా ఉద్యోగంరా?"

"అక్క పెళ్ళండి."

గట్టు మీద కూర్చున్న వాళ్ళమ్మ గారి దగ్గరికి వెళ్ళి, మీరైనా చెప్పండని బతిమాలాను. "అల్లుడుగారికి కాలో చెయ్యో ఇరిగితే మీరొచ్చి సర్దిచెప్తారా బాబూ?" అన్నారావిడ. పక్కనే ఉన్న పెళ్ళికూతురు అంతవరకూ తల ఎత్తలేదు. చటుక్కున లేచి, తమ్ముడి దగ్గరికి నడిచొచ్చింది.

"ఒరేయ్, పట్టుకోరా. ఒక్కసారి కింద పడినందుకే అలిగిపోయే మనిషైతే ఇప్పుడే తెలియనీ నాకు."

తర్వాత బావగారు బంతితో రాగానే గేటు మూసుకుంది. ఇద్దరూ కలిసి బురదలో దొర్లారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు ఉద్యోగం గుర్తులేదు. ఆ పిల్ల పెళ్ళి ఏమైపోతుందోనని భయం వేసింది. ఆయన లేచి కూర్చుని, నోట్లో మట్టి ఊసి, నవ్వాడు. "ఇందాకట్నుంచీ చూస్తన్నాను, నీకు చేతకాదేమో అనుకున్నాను. లేవదియ్యి బామ్మర్దీ."

ఆ ఒక్క నవ్వుతో మావాళ్ళకి కాళ్ళొచ్చాయి. గెలిచాం. పెళ్ళీ జరిగింది, నా ఉద్యోగమూ నిలిచింది. తర్వాత చాలా జట్లు చూశాను, కప్పులూ బానే వచ్చాయి. తొలి గెలుపు ఎవరి వల్ల అని విలేకరులు అడిగితే ఆ అమ్మాయి సంగతి చెబుతాను. వాళ్ళు మర్యాదగా వింటారు, రాసుకోరు. ఎదుటివాణ్ణి ఎలా పడగొట్టాలో ఇన్నేళ్ళుగా కుర్రాళ్ళకి నేర్పుతూనే ఉన్నాను. ఎందుకు పడగొట్టాలో మాత్రం, ఆ రోజు ఆ అమ్మాయి చెప్పినంత బాగా చెప్పడం నాకింకా చేతకాలేదు.