ముందు బొటనవేలు

వెన్నుపాము గాయాల మీద పరిశోధన చేసే మా జర్మనీ ల్యాబుకి పెద్ద, గుంటూరు నుంచి వచ్చిన న్యూరోసర్జన్. గుడ్ మార్నింగ్ చెప్పినా, పండగ శుభాకాంక్షలు చెప్పినా ఆయన చివరికి వచ్చే మాట ఒక్కటే: "పడ్డవాణ్ణి లేపకండి. ముందు బొటనవేలు చూడండి."

అది కదిలితే వెన్నుపాము బతికున్నట్టు. మనవాళ్లేమో పరిగెత్తుకెళ్లి, రెక్క పట్టి లేపి, కూర్చోబెట్టి సోడా తాగిస్తారు. ఆ ప్రేమే మనిషిని మంచాన పడేస్తుందని ఆయన కోపం. లాక్‌డౌన్‌లో వీడియో మీటింగుల్లోనూ ఇదే పాఠం. మా జర్మన్ టెక్నీషియన్‌కి వచ్చిన తెలుగంతా "బొటనవేలు" ఒక్కటే.

ల్యాబు మళ్లీ తెరిచిన చలికాలంలో, వ్యాక్సీన్ అపాయింట్‌మెంట్‌కి హడావిడిగా బయల్దేరిన సార్ మా కళ్లముందే మంచు మీద జారి వెల్లకిలా పడ్డారు.

"అమ్మాయ్, చూస్తావేం? లేపు!"

ఎవ్వరం కదల్లేదు. "ముందు బొటనవేలు, సార్," అన్నాను.

"కదుల్తోందే తల్లీ!"

"బూటులో ఉంటే మాకెలా కనపడుద్ది సార్?"

టెక్నీషియన్ మాస్కు సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంది. కాలు కదలకుండా బూటూ సాక్సూ మెల్లిగా ఊడదీసి, "బొటనవేలు!" అని ఆజ్ఞాపించింది.

అది కదల్లేదు.

సార్ అరవడం మానేసి ఆకాశంకేసి చూస్తున్నారు. కాసేపటికి ఆ వేలు, చలికి బిగుసుకుపోయిన వేలు, బద్ధకంగా వంగింది. అందరం చప్పట్లు కొట్టి, ఆయన్ని లేపడానికి చేతులు చాచాం.

"ఆగండి!" అని గద్దించారు సార్, పళ్లు టకటకలాడుతుంటే. "రెండో కాలు ఎవడు చూస్తాడు?"