కారు ముక్కులో ఇసుక మూట

మా పిన్ని భర్తను వీధిలో అందరూ కాటా అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయన ఒక్కోసారి పలకడు కూడా. ఆయన షెడ్డులో నేల మీద పలకల్లాంటి నాలుగు కాటాలు ఉంటాయి. కారును వాటి మీదికి ఎక్కిస్తే ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో విడివిడిగా తెలుస్తుంది. బ్యాటరీని ముందు నుంచి వెనక్కి మార్చడం, సీటును కాస్త కిందికి దించడం, స్ప్రింగులు బిగించడం, ఇదే ఆయన పని. బరువు ఉండాల్సిన చోట ఉంటే కారు చెప్పిన మాట వింటుందంటాడు.

ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఒకే సంచి మోస్తే భుజం ఒరుగుతుందని కూరగాయలను రెండు సంచుల్లో సమానంగా సర్దుకుని వస్తాడు. "ఈయన నాతో కాపురం కూడా కాటాలో పెట్టే చేస్తున్నాడు" అని పిన్ని నవ్వుతుంది. ఎవరి కారు ఎక్కాలన్నా చెప్పులు బయటే విడుస్తాడు. లోపల గ్రీజు మరకలు పడతాయని.

బడి మానేశాక నేను ఆ షెడ్డులో చేరాను. బోల్టులు కడుగుతాను, అడిగిన పానా అందిస్తాను. మాట్లాడాల్సిన అవసరం తక్కువ. నాకు అదే హాయి.

బాబాయి కూతురు, మా అక్క, డ్రిఫ్ట్ చేస్తుంది. అంటే మలుపులో వెనక చక్రాలను కావాలని జారనిచ్చి, కారును అడ్డంగా నడుపుతుంది. దాని గురించి నేను మొదట నేర్చుకున్నది కూడా బాబాయి దగ్గరే. ఇంజను ముందు చక్రాలనే తిప్పే కార్లు ఈ ఆటకు పనికిరావంటాడు. "లాగేదీ అవే, తిరిగేదీ అవే. వెనక చక్రాలు ఊరికే వెంటొచ్చే చుట్టాలు. వాటికి ఏం పని చెప్తాం?" నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే కార్లు జారతాయి కానీ, ఎప్పుడూ ముందుకే ఈడ్చుకుపోతాయట. ఇంజను ముందు ఉండి, వెనక చక్రాలు తోసే కారంటేనే ఆయనకు ప్రాణం. ముందు బరువు ఉంటుంది కాబట్టి తోక నెమ్మదిగా జారుతుంది, జారే ముందు డ్రైవరుకు చెబుతుంది. అక్క ఇన్నాళ్లూ అలాంటి పాత కారుతోనే ఆడింది.

మొన్నటి డ్రిఫ్ట్ ప్రదర్శనకు మాత్రం ఒక పెద్దమనిషి తన కొత్త స్పోర్ట్స్ కారును అక్కకు ఇస్తానన్నాడు. దాని ఇంజను సీటు వెనక, కారు నడుమ ఉంటుంది. ముందు మూత తెరిస్తే ఖాళీ డిక్కీ. బరువంతా పొట్టలో దాచుకున్న కారు అది. ఇట్టే తిరుగుతుంది, కానీ జారే ముందు చెప్పదు. జారిందని తెలిసేసరికి అడ్డం తిరిగి ఉంటుంది. అక్క బాగా నడిపితే ఆ పెద్దమనిషి తన జట్టులో తీసుకుంటాడు. బాగా నడపకపోతే మైదానం చుట్టూ టైర్ల గోడ ఉంది.

ఆ కారు షెడ్డుకు వచ్చిన రోజు నుంచి బాబాయికి ముద్ద దిగలేదు. బిగించిన నట్టునే మళ్లీ బిగించేవాడు. అక్కను వద్దనలేదు. చిన్నప్పుడు చెట్టెక్కొద్దంటే అక్క మిద్దె ఎక్కిందట. అప్పటినుంచి ఆయన ఆ మాట అనడం మానేశాడు.

ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం నేను చేతులు కడుక్కుని వస్తుంటే, బాబాయి ఒక ఇసుక మూటను ఆ ముందు డిక్కీలోకి దించుతున్నాడు. నన్ను చూసి మూత నెమ్మదిగా వేశాడు.

"ముక్కులో కాస్త బరువుంటే అంత తొందరగా తిరగదు" అన్నాడు. "అక్కకు చెప్పకు, పిల్లా. నిమ్మళంగా నడుపుతుంది."

తలూపాను. కానీ మూలనున్న చీపురు కర్ర మీదికే నా కళ్లు పోయాయి. అక్క చిన్నదిగా ఉన్నప్పుడు బాబాయి ఆ కర్రకు రెండు చివర్లా నీళ్ల డబ్బాలు కట్టి, నడుమ పట్టుకుని తిప్పమనేవాడట. నాకూ అలాగే నేర్పాడు. చివర్లలో బరువుంటే కర్ర తిరగడం మొదలుపెట్టదు, మొదలుపెట్టాక ఆగదు. డబ్బాలను చేతి దగ్గరికి జరిపితే ఇట్టే తిరుగుతుంది, ఇట్టే ఆగుతుంది. మరి ఈ మూట ఉన్నది చివరనే కదా. నేర్పిన మనిషికే గుర్తు లేదా? అడగకుండా చీపురు తీసి షెడ్డు ఊడ్చాను.

మర్నాడు మైదానంలో మనుషులు ఇంకా పలుచగానే ఉన్నారు. అక్క ముందు ప్రాక్టీసుకు నెమ్మదిగా ఒక చుట్టు వేసింది. తర్వాత ఎడమ మలుపులో తోకను జార్చింది. బాగానే వెళ్లింది. అక్కడి నుంచి కుడికి మార్చేటప్పుడు కారు ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, తిరిగింది. తిరుగుతూనే ఉంది. అక్క స్టీరింగు ఎదురు తిప్పడం కనిపించింది. అయినా ఆగలేదు. వెనక్కి తిరిగిపోయి, టైర్ల గోడకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది.

బాబాయి నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్టు నొప్పి పెట్టేంత ఉంది.

అక్క కారును మా దగ్గరికి తెచ్చి హెల్మెట్ తీసింది. "ఏంటి నాన్నా ఇది? బద్ధకంగా లేస్తోంది, లేచాక కూర్చోవట్లేదు. టైర్లలో గాలి చూశావా?"

బాబాయి గాలి కొలిచే మీటరు తీసుకుని వెనక టైరు దగ్గర కూర్చున్నాడు. మీటరును వాల్వుకు ఒకసారి ఆనించి తీసేశాడు. "గాలి సరిగ్గానే ఉంది" అన్నాడు, అంకె చూడకుండానే.

"అయితే నేనే భయపడుతున్నానేమో. ఈసారి వేగంగా వెళ్తాను" అని అక్క మళ్లీ హెల్మెట్ ఎత్తింది.

ఆ మాట వినగానే నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది. "అక్కా, ముక్కులో మూట ఉంది."

ఇద్దరూ నావైపు చూశారు. అక్క వెళ్లి మూత ఎత్తింది. మూటకు అటూ ఇటూ ఉన్న ఖాళీని జానతో కొలిచింది.

"ఎవరు పెట్టారని అడగను" అంది. "ఇంత చక్కగా, సరిగ్గా మధ్యలో పెట్టే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు."

"నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం చెప్పనే?" బాబాయి టైరు దగ్గర నుంచి లేవలేదు.

"ఆ నీళ్ల డబ్బాల కర్ర ఎవరు నేర్పారు నాన్నా నాకు?"

ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని అదిమి పట్టుకున్నాడు. "తెలుసు. తెలిసే పెట్టాను. చేతులు నా మాట వినలేదు" అన్నాడు.

అక్క మూటను తనే లాగి కింద పడేసింది. అవతలి తలుపు తెరిచింది. "నీ భయాన్ని ముక్కులో పెట్టకు. తెచ్చి నా పక్కన కూర్చోపెట్టు. అక్కడైతే నాకు అడ్డం రాదు. ఎక్కు."

"నేను నీకంటే బరువు. బండి నా వైపు ఒరుగుతుంది."

"ఒరగనీ. ప్రాక్టీసే కదా."

బాబాయి చెప్పులు విడిచాడు. కాంక్రీటు మీద జతగా పెట్టి, హెల్మెట్ తగిలించుకుని ఎక్కాడు. తలుపు పడింది. నేను ఆ చెప్పుల పక్కన నిలబడ్డాను.

కారు ఎడమకు జారింది. అదే చోట అక్క కుడికి మార్చింది. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. కారు విసురుగా తిరిగింది, ఆగాల్సిన చోట ఆగి, పొగ వదులుతూ అడ్డంగా మలుపంతా దాటింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది.

తిరిగొచ్చాక దిగిన బాబాయి ముఖంలో రక్తం లేదు. "కుడి వెనక టైరులో గాలి కాస్త తగ్గించాలి" అన్నాడు. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన ఉత్త కాళ్లతోనే నడిచి వెళ్లి, ఈసారి అంకె చూసి తగ్గించాడు.

అసలు ప్రదర్శనలో అక్క పక్క సీటు ఖాళీ. బాబాయి కంచె దగ్గర ఆ ఇసుక మూట మీదే కూర్చున్నాడు. నేను చెప్పులు తెచ్చి ముందు పెట్టినా వేసుకోలేదు. చూపు కారు మీదే. కనపడని కర్రను నడుమ పట్టుకున్నట్టు కుడి పిడికిలి బిగించాడు. అక్క తిరిగిన ప్రతిసారీ ఆ పిడికిలి తిరిగింది. అక్క ఆగేదాకా అది ఆగలేదు.