ఆ వరండాలో నేను అడిగింది

పోయిన వారం కల్లూరుకు పోయే షేర్ ఆటోలో మా వీధి చివరింటావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్ళో పూలు, టెంకాయ, వాటి మధ్య ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టిన కాగితం ఒకటి. అది కొడుకు ఉద్యోగ పరీక్ష హాల్ టికెట్టని, స్వామి పాదాల దగ్గర పెట్టించి తెస్తున్నానని నేను అడక్కుండానే చెప్పింది. అదే పరీక్షకు మా పక్క వీధి పిల్లలు కూడా ముగ్గురు నలుగురు కూర్చుంటున్నారు. వాళ్ళ తల్లులందరూ నాకు తెలుసు. "టీచరమ్మా, మీరు శానామందికి సదువు సెప్పినోళ్ళు, మీ మాట దేవుడు ఇంటాడు. మావోని కోసం మీరూ ఒక మాట అడగండి" అంది. సరే అంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆమె నొచ్చుకుని, దిగేటప్పుడు వస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాను. పొద్దున్నే దీపం పెట్టకుండా కాఫీ తాగను. కానీ అడగడమంటే నాకు భయం. ఆ భయం ఎనిమిదేళ్ళ కిందట కడపలో ఒక ఆసుపత్రి వరండాలో పట్టుకుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది నేతపని చేసుకునే కుటుంబం, ఎర్రగుంట్లకు బస్సులో గంట దూరం. మా అమ్మకు దేవుడితో రోజూ పని ఉండేది. గుడి, దర్గా అనే తేడా ఆమెకు లేదు. ఎవరు త్వరగా వింటారంటే వాళ్ళ దగ్గరికి పోయేది. నాకు పదేళ్ళు నిండేలోపు నాలుగుసార్లు గుండు చేయించింది. ఒకసారి నా జ్వరానికి, ఒకసారి నాయన నడుం నొప్పికి, ఒకసారి తమ్ముడు పుట్టినందుకు. నాలుగోది ఎందుకో ఆమెకే గుర్తు లేదు. తమ్ముడు పుడితే నా జుట్టెందుకు తీయాలని నేను ఏడిస్తే, "వానికింకా ఎంటికలు రాలేదు గదే" అంది. ఆ పెంపకంలో నేనూ అడగడం బాగానే నేర్చుకున్నాను. తరగతిలో నాకే మొదటి మార్కు రావాలని మొక్కుకునేదాన్ని. పక్కబెంచి పిల్లకు పరీక్ష రోజు జ్వరం రావాలని ఎన్నడూ కోరలేదు గానీ, వస్తే మాత్రం వద్దనేదాన్ని కాదు.

మా ఇంట్లో ఏదీ అడగని మనిషి పెదనాయన ఒక్కడే. మా నాయనకు అన్న. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా చీరలు నేసేవాడు, ఏకాదశికి తత్వాలు పాడుకునే గుంపుతో కూర్చునేవాడు. ఆ గుంపులో మా వీధి నేతగాళ్ళూ, ఒక మంగలి తాతా, టైర్లకు పంక్చర్లు వేసే సాయిబూ ఉండేవాళ్ళు. పెదనాయన గుడికి వచ్చేవాడు, దండం పెట్టేవాడు కాదు. దేవుడి గురించి ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట "ఈపొద్దు పులిహోర బాగుండాది" అన్నదే. ఆయన వంతు దండాలు కూడా పెద్దమ్మే పెట్టేది. వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లల కోసమైనా ఏ రాయికీ మొక్కనివాడని ఊళ్ళో ఆయనకు ఒక పేరుండేది. కొందరు గౌరవంగా అనేవాళ్ళు, కొందరు పెద్దమ్మ మీద జాలితో అనేవాళ్ళు.

మా తమ్ముడు ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలేవాడు. ఆ సంవత్సరం దగ్గుతో మొదలై, ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, నాలుగు రోజుల్లో మాట్లాడలేని స్థితికి వచ్చాడు. కడపలో ఆసుపత్రిలో చేర్చారని ఫోను వస్తే నేనుండే కర్నూలు నుంచి పరుగెత్తాను. డాక్టరు మంచివాడు, దాచకుండా చెప్పాడు. ఊపిరి ఆడించే మిషను పెట్టాలి. మిషను ఉన్న మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఇంకో ఊరికి తీసుకుపోతే దారిలో తట్టుకోలేడు. "ఏదన్నా ఒకటి ఖాళీ అయితే ముందు మీవాడికే" అన్నాడు. అప్పటిదాకా బయట వార్డులో ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టారు. వాడు గాలి పీల్చే చప్పుడు వరండా మొత్తం వినిపించేది.

ఆ వరండాలోనే వేంపల్లె ఆమె పరిచయమైంది. నాకంటే పదేళ్ళు చిన్నది. భర్త లోపల మిషను మీద ఉన్నాడు, అప్పటికి తొమ్మిది రోజులు. "మా ఆయన పరుపులు కుడతాడక్కా. మా ఊర్లో సగంమంది మేం కుట్టిన పరుపుల మీదనే పండుకుంటారు" అని చెప్పింది, ఆ మాటల్లో కొంచెం గొప్ప కూడా ఉంది. మా పెద్దమ్మ బస్సులో వచ్చేవాళ్ళ చేత జొన్నరొట్టెలు, శెనక్కాయల పచ్చడి పంపేది. ఇద్దరం ఒకే కాగితం పరుచుకుని తినేవాళ్ళం. నేను బాత్రూముకు పోతే ఆమె నా సంచి చూసేది, మా తమ్ముడి దగ్గరికి పోయి దుప్పటి కూడా సర్దివచ్చేది. వరండా మూలలో ఎవరో వెంకటేశ్వర స్వామి పటం అంటించారు. దాని పక్కన ఇంకెవరో ఒక సిలువ, కిందుగా పచ్చగుడ్డ కట్టిన చిన్న మేకు. వచ్చినవాళ్ళంతా అక్కడ ఒక నిమిషం నిలబడేవాళ్ళు. నేనూ నిలబడ్డాను. నేను అడిగిన మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక మంచం ఖాళీ చెయ్యి స్వామీ." అదే మాట, ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లో. మంచం ఎలా ఖాళీ అవుతుందో నా మనసు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం పెదనాయన వచ్చాడు. తమ్ముణ్ణి చూసివచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. అందరూ ఆ మూలకు పోయి కళ్ళు మూసుకుంటుంటే, ఆయన మాత్రం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. ఆ ప్రశాంతత చూసి నాకు ఒళ్ళు మండింది.

"పెదనాయనా, జన్మలో ఏదీ అడగనోనివి. నువ్వొక్క మాట అడిగితే పైనోడు ఇంటాడు. అడుగు" అన్నాను.

"ఎవుర్నడగల్ల పాపా?"

"ఎవుర్నో ఒకర్ని! నీకు తోచినోళ్ళని!"

"అడిగేదానికి ఇద్దరుండల్ల గదమ్మా. నేనొకడు, ఆయనొకడు. ఆ రెండోవాడు నాకు యాడా కనపడల్యా. ఉండేది ఒకటే. మనోని రొమ్ములో ఆడేదీ అదే, లోపల మంచాల మీద ఉండేటోళ్ళ రొమ్ముల్లో ఆడేదీ అదే. ఎవురి పక్క నిలబడి అడగమంటావు?"

"నీకు బిడ్డల్లేరు. అందుకే ఇట్ల మాట్లాడుతాండావు" అన్నాను.

వరండాలో నలుగురూ విన్నారు. పెదనాయన లేచి బయట కొళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత వచ్చి అదే చోట కూర్చుని, నేను తినకుండా పక్కన పెట్టిన రొట్టెను నా చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున పది గంటలప్పుడు వేంపల్లె ఆమెను లోపలికి పిలిచారు. కాసేపటికి తలుపు వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. ఏమీ అడగనక్కర్లేకపోయింది. ఇంకో గంటకు నర్సు బయటికొచ్చి మా తమ్ముడి పేరు పిలిచి, "తొందరగా రాండి" అంది. వాడి మంచాన్ని లోపలికి తోసుకుపోతుంటే, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె పక్కనుంచే పోవాల్సి వచ్చింది. తోవకు అడ్డం కాకుండా ఆమె కాళ్ళు ముడుచుకుంది. ఆ నిమిషాన నాకు కలిగింది సంతోషం. దాచడమెందుకు, ఒళ్ళంతా సంతోషం. "విన్నావు స్వామీ" అనుకున్నాను. అనుకున్న తర్వాతే ఆమె ముడుచుకున్న కాళ్ళు చూశాను.

తమ్ముడు బతికాడు. మూడు వారాలకు ఇంటికొచ్చాడు. అప్పటికే పోయిన అమ్మ లోటు తీరేట్టు మా మరదలు నాలుగు ఊళ్ళకు మొక్కులు పెట్టుకుంది. అవి తీర్చడానికి అందరూ బయల్దేరుతుంటే నేను తలనొప్పని ఆగిపోయి, పెదనాయన మగ్గం దగ్గరికి పోయి గుంట అంచున కూర్చున్నాను. వరండాలో ఆయన్ని అన్న మాటకు క్షమించమనాలని పోయాను గానీ, నోట్లోంచి ఇంకొకటి వచ్చింది. నేను అడిగింది విడమరిచి చెప్పాను. "ఆ పరుపులు కుట్టే ఆయప్పను నేనే సంపినా పెదనాయనా" అన్నాను.

ఆయన నేత ఆపాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"నీవడిగితే ఆయప్ప సచ్చినాడా? నీ మాటకు అంత బలముండాదా? బతికిచ్చింది నేనే అంటాడు ఒకడు, సంపింది నేనే అంటాండావు నీవు. రెండూ ఆ నేననే దొంగే పాపా. ఏడుపులో దాక్కున్నా వాడే."

నేను తల దించుకున్నాను. ఆయనే మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి అన్నాడు. "నీకు నీతులు సెప్పేంత గొప్పోణ్ణేమీ కాదులే నేను. ఆ బెంచీ మీద కూచోని అందర్నీ సూస్తా, ఈళ్ళకేమీ తెల్వదు, అడగనోణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా ఉంటి. ఇన్నేండ్లూ అదే అనుకుంటి. మీ పెద్దమ్మ బిడ్డ కోసం ఏడుస్తాంటే గూడా అదే అనుకుంటి. ఆపొద్దు నర్సు మనోని పేరు పిలిసినప్పుడు నా లోపల్నుంచి అమ్మయ్య అని వచ్చింది సూడు... నోరు తెరిసి అడగల్యా అంతే. అడిగినట్టే."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. మళ్ళీ నేతకు దారం నడిపే నాడె అందుకుని, "ఆయమ్మ ఎట్లుండాదో ఒకసారి పోయి సూసిరా" అన్నాడు.

వెళ్ళాను. వేంపల్లెలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పరుపులాయన ఇల్లంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. ముందు గదిలో సగం దూది కుప్ప. ఆమె దిండ్లు కుడుతోంది. నన్ను చూసి లేచి టీ పెట్టింది. తమ్ముడెలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడని చెప్పడానికి నాకు సిగ్గేసింది. టీ చల్లారిపోయేదాకా పట్టుకుని, చివరికి చెప్పేశాను. "మంచం ఖాళీ కావాలని నేను మొక్కుకున్నానమ్మా."

ఆమె సూది దిండులో గుచ్చి పక్కన పెట్టింది. "తెలుసక్కా. ఆడ కూచున్నోళ్ళు ఇంకేం అడుగుతారు?" అంది. "మీరు రాకముందే డాక్టరు నాకు సెప్పేసినాడు, ఇంక మిషను ఉన్నా ఒకటే, తీసినా ఒకటే అని. నీకు సెప్పలే. మీ తమ్ముడు బయట గాలికి కొట్టుకుంటాండేది నాకూ ఇనపడతాండె. అయినా పూటపూటకూ దువా చేసినా. ఆ మంచం మా ఆయనకే ఉండల్ల, ఇంకెవురికీ పోగూడదు అని. నీ రొట్టె తింటానే అడిగినా."

ఇద్దరం ఏడవలేదు. ఏడిస్తే తేలికయ్యేదేమో. నేను లేస్తుంటే గడప దాకా వచ్చి, "ఇంక రావొద్దక్కా. కోపంతో అంటాండేది కాదు. నిన్ను సూస్తే మీ తమ్ముడు బతికినాడని గ్యాపకమొస్తాది. అది మంచి సంగతే. నాకింకా మంచిగా కనపడల్యా" అంది.

తిరుగు బస్సులో ఆ వరండా మూలే కళ్ళముందు కదిలింది. ఒకే పటం, ఒకే మేకు, ఒకే మంచం. నా మాట విన్నాడనుకున్నాను. అంటే పక్కనే నిలబడిన ఆమె మాట వినలేదనా? ఉండేది ఒకటేనని పెదనాయన అన్నప్పుడు అదేదో వెలుగు లాంటిదని అనుకునేదాన్ని. నాకు మాత్రం మొదట కనిపించిన ఒకటి 'నావాడు' అన్న మాట. అది ఆమెలోనూ నాలోనూ అచ్చంగా ఒకేలా ఉంది, ఒకే ఆకలితో. దాని కింద ఆయన చెప్పిన ఆ రెండోవాడు లేని చోటు ఉందేమో. అంత లోతుకు నేనింకా దిగలేదు.

నేను మళ్ళీ వేంపల్లె పోలేదు. తమ్ముడు ఇప్పుడు లారీ మానేసి ఊళ్ళోనే అంగడి పెట్టుకున్నాడు. ఆ మంచం సంగతి వాడికి చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు పెదనాయన మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని ఉండగా నా చేతులు వాటంతటవే కలుసుకున్నాయి. ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

"అడుగుతాండావా?"

"అవును పెదనాయనా. ఆగల్యా."

"అడుగు పోనీ. అడిగేది ఎవురో ఒకసారి అట్ల సూడు. అంతే" అన్నాడు. వారం తిరక్కుండానే పోయాడు. పెద్దమ్మ ఆయన వంతు దండాలు ఇంకా పెడుతూనే ఉంది.

అప్పటినుంచి దీపం ముందు కూర్చున్నప్పుడల్లా చూస్తున్నాను. కొన్నిరోజులు ఎవరూ కనిపించరు, ఒట్టి నిశ్శబ్దం, హాయిగా ఉంటుంది. ఆ హాయి రేపు కూడా ఉండాలని మరుక్షణంలోనే ఎవరో అడుగుతారు. ఏళ్ళు గడిచి నాతోపాటే ఆ గొంతూ ముసలిదైంది. మాట తడబడుతోంది, అడగడం మాత్రం ఇంకా మానలేదు.