పైన వివరాలు, కింద ఫారం

నా ఉద్యోగాన్ని నా చేతులతోనే తీసుకెళ్లి పక్క సీటువాళ్ల పేజీలో పెట్టాను. ఎవరైనా చెబితే నవ్వుకునేవాణ్ణి. నాకే జరిగింది కాబట్టి నవ్వు రాలేదు.

నోయిడాలో మా ఆఫీసు ఉద్యోగాల వెబ్‌సైటు నడిపేది. ఉద్యోగం వివరాలు చూపించే పేజీ ఒకటి, దరఖాస్తు పుచ్చుకునే పేజీ ఇంకొకటి. మొదటిది నా పక్కన కూర్చునే వరంగల్ అమ్మాయి చూసేది, రెండోది నాది. ఆ గదిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని, ఆమె పచ్చడి నేను, నా పులుసు ఆమె తింటూ అందరినీ తెలుగులో తిట్టుకునేవాళ్లం.

జనం వివరాలు చదివి, 'అప్లై' నొక్కి, రెండో పేజీ తెరుచుకునేలోపే వెళ్లిపోతున్నారని పైవాళ్లు కనిపెట్టారు. మేనేజరు వచ్చి "దోనోం కో ఏక్ హీ పేజ్ మే కర్ దో" అని, రెండూ ఒకే పేజీ చేసెయ్యమని చెప్పి వెళ్లాడు. ఆయనకేం, చెప్పడమే పని. ఆమె పేజీకి చూపించడమే తెలుసు, ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకోవడం తెలియదు. నా ఫారానికి పుచ్చుకోవడమే తెలుసు, ఏ ఉద్యోగం కోసమన్నది దానికి పట్టదు.

"నీ ఫారం నా పేజీలకు తెచ్చెయ్ అన్నా, జల్ది అయితది" అంది ఆమె.

"సరేలేమ్మా, ఎక్కడుంటే ఏంటి" అన్నాను.

ఒక చిక్కు మాత్రం మమ్మల్ని ఏడిపించింది. ఫోన్ నంబరు తప్పు కొడితే, పేజీ తిరిగొచ్చేసరికి పైన ఉద్యోగం వివరాలు మాయమయ్యేవి. తప్పు చూపించే హడావిడిలో ఆ వివరాలు మళ్లీ తెచ్చుకోవడం పేజీ మరిచిపోయేది. దాన్ని సరిచేసింది నేనే. ఇక ఎన్ని తప్పులు కొట్టినా ఉద్యోగం పైన అలాగే ఉండేది. ఆ సాయంత్రం ఇద్దరం కింద బండి దగ్గర మోమోలు తిన్నాం. ఎంత సంతోషంగా ఉన్నామో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

పేజీ ఒకటయ్యాక దానికి ఇద్దరు మనుషులెందుకన్న ప్రశ్న పుట్టింది. పేజీ ఆమె పేరు మీద ఉంది. పొగకి ఎదుటి భవనం కూడా కనిపించని ఒక చలికాలపు ఉదయం, నన్ను పిలిచి మర్యాదగా ఉద్యోగం తీసేశారు. ఆమె లిఫ్టు దాకా వచ్చింది.

"నా వల్లనే అయింది అన్నా."

"నీ వల్ల ఏం కాలేదు. నా డబ్బా మూత నీ దగ్గరే ఉండిపోయింది, ఉంచుకో" అన్నాను. ఆమె మీద కోపం రాలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక లిఫ్టు బటన్ మీద చూపించాను.

కొన్నాళ్లకి గురుగ్రామ్‌లో నాకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఒకటి పడింది. పడింది మా సైటులోనే, ఇంకెక్కడా లేదు. సిగ్గు చంపుకుని పేజీ తెరిచాను. పైన వివరాలు, కింద నా ఫారం. కంగారులో ఫోన్ నంబరులో ఒక అంకె వదిలేశాను. పేజీ తిరిగొచ్చింది. ఉద్యోగం పైన అలాగే ఉంది. ఎంత బాగా చేశామో అనిపించి ఏడుపొచ్చింది.

నంబరు సరిచేసి పంపాను. మీ దరఖాస్తు అందింది, త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం అని వచ్చింది.

ఆ మాట రాసింది నేనే. పంపాక పేజీ బోసిగా ఉంటోందని మేనేజరు అంటే, తోచింది రాసి పెట్టాను. దాని వెనక ఎవరూ లేరని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా ఆ రోజంతా ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు.