కలీముల్లా బ్యాటరీ బండి

కార్ఖానా బస్తీలో తన పెట్రోల్ స్కూటర్ల మెకానిక్ షెడ్డు ఎత్తేసి, కలీముల్లా బ్యాటరీ స్కూటర్ల షాపు పెట్టాడు. రోజూ పొద్దున్నే ఎర్ర బండిని పాత బనీనుతో తుడిచి గుమ్మంలో నిలబెడతాడు. చప్పుడే లేని బండిని జనం నమ్మరు, "షురూ అయిందా?" అని నవ్వి పోతారు. ఈ నెల కూడా ఒక్కటీ అమ్మకపోతే షట్టర్ దించేయాల్సిందే. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రమణబాబు కొనేలా కనిపిస్తే, వెనక ఎక్కించుకుని అల్వాల్ దాకా తిప్పాడు. తిరిగొస్తుంటే ఎత్తు మీద చార్జింగ్ అయిపోయి బండి ఆగింది.

"ఏటయింది భాయ్?" అంటూ రమణబాబు దిగాడు.

"జెర ఆగుండ్రి సార్, గిప్పుడే షురూ అయితది." కలీముల్లా బండిని పక్కకి వంచాడు, ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు ఇంజిన్‌లోకి దిగాలని పాత స్కూటర్లను వంచినట్టే. రమణబాబు ఆటో ఆపి ఎక్కేశాడు. కలీముల్లా బండిని నిటారుగా లేపి, లేని కిక్ రాడ్డు కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.